తెల్ల రెక్కల కాకి

ఇంద్రేశం
9 నవంబర్ 2023

తమ్ముడు మొగులయ్యకు,

ముందుగా ఈ కాగితం విప్పి చదివే జైలు సారుకు నమస్కారం. ఇందులో దాచుకునేదేమీ లేదు సారూ, చదివి జల్దీ వాడి చేతికివ్వండి.

ఫోన్‌లో నీ గొంతు వింటే చెప్పాలనుకున్నది గుర్తుకు రాదు, ఇచ్చిన నాలుగు నిమిషాలూ అట్లాగే పోతాయి. అందుకే రాస్తున్నాను. అంగన్‌వాడీలో పిల్లల చేత అఆలు దిద్దించిన చెయ్యి, రాయడానికి బద్ధకించదు. ముందు నిన్ను తిట్టాలి. ఫ్యాక్టరీ గేటు దగ్గర అంతమంది ఉన్నారు, అందరి పిల్లలూ లోపలే కాలిపోయారు, మేనేజర్ తల పగలగొట్టడానికి నీ ఒక్కడి చెయ్యే లేచిందా? మేనల్లుడి మీద అంత ప్రేమ ఉంటే నా పక్కన ఉండాల్సింది. ఇప్పుడు వాడూ లేడు, నువ్వూ లేవు. ఆ మేనేజర్ ఇంకా దవాఖానాలోనే ఉన్నాడని, బెయిలు ఇప్పట్లో కాదని వకీలు చెప్పాడు.

నా శేఖర్ దొరకలేదు. నా రక్తం తీసుకున్నారు, దొరికిన ముక్కలతో సరిచూస్తామన్నారు. చూసి చూసి, మీవాడిది ఏమీ లేదమ్మా అన్నారు. ఇక ఆగొద్దని కులపెద్దలు చెప్పారు. సరుకు ఆరబెట్టే డ్రయ్యర్ మిషను పేలిన చోటు నుంచి పిడికెడు మట్టి తెప్పించి, గడ్డిబొమ్మకు వాడి పెళ్ళి చొక్కా తొడిగి కాల్చాం. నాకు కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. చొక్కాను చూసి ఎట్లా ఏడవాలి, చెప్పు.

నిన్న పిట్టకు పెట్టాం. కొత్త లేఅవుట్ గోడ పక్కన, మన పాత చెలక గట్టు మీద విస్తరి వేశాం. కోడికూర, ఉడకబెట్టిన గుడ్లు, వాడికిష్టమైన ఉల్లిగడ్డ పకోడీలు పెట్టాం. ఒక్క కాకి రాలేదు. ఇన్నేళ్ళూ కాకుల గోలకు పగలు నిద్రపట్టేది కాదు, నిన్న మాత్రం ఆకాశం ఊడ్చినట్టుంది. పిట్ట ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలినట్టే కదా. ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇచ్చారు. "నీ బండి అమ్మంరా" అన్నాను నేను. "నీ ఫోటో పెద్దగ కట్టిపిస్తం" అన్నారు ఎవరో. ఎండ నెత్తికెక్కింది. చివరికి కోడలు అంకిత విస్తరి దగ్గరికి వచ్చి తన మాట తాను అన్నది. అంతే, గోడ మీది నుంచి ఒక కాకి దిగింది.

మొగులూ, ఆ కాకికి రెండు రెక్కలూ తెల్లగా ఉన్నాయి. మెడ మీద కూడా ఒక తెల్ల మచ్చ. నా జన్మలో అట్లాంటిది చూడలేదు. నేరుగా వచ్చి కోడికూర ముక్క ముట్టింది. అందరం నేలమీద పడి దండం పెట్టాం. అది వాడేనా? నువ్వేమంటావు? నాకు చెప్పేవాళ్ళు లేరు.

నీ అక్క,
వెంకటలక్ష్మి


జైలు
17 నవంబర్ 2023

అక్కకు మొగులయ్య కాళ్ళు మొక్కి రాసేది.

నీ ఉత్తరం అందింది. నీ తిట్లు కూడా అందాయి, వాటితోనే రెండు రోజులు కడుపు నిండింది. ఇక్కడి చారులో నీళ్ళు ఎక్కువ, పప్పు ఉందో లేదో వెతుక్కోవాలి. నా గురించి ఆలోచించకు.

ఆ తెల్ల రెక్కల కాకి నాకు తెలుసు. మా ఫ్యాక్టరీ క్యాంటీన్ వెనక ఉండేది. శేఖర్ రోజూ దానికి చపాతీ ముక్క వేసేవాడు, అది వాడి చేతి దగ్గరి దాకా వచ్చేది. వాడే వచ్చాడక్కా, అనుమానం పెట్టుకోకు. ఇంకే కాకీ రాకుండా అదొక్కటే రావడమేంటి మరి? వాడి మనసు చల్లబడింది. నువ్వు ఇప్పుడన్నా నాలుగు ముద్దలు తిను. రాత్రి మాత్ర మరచిపోకు, షుగరు పెరిగితే నిన్ను తీసుకుపోవడానికి నేను లేను.

అంకితను జాగ్రత్తగా చూసుకో. చిన్నపిల్ల. పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండలేదు. ఏం మాట ఇచ్చిందో నువ్వు రాయలేదు.

నీ తమ్ముడు


ఇంద్రేశం
1 డిసెంబర్ 2023

తమ్ముడికి,

నీ ఉత్తరం నన్ను బతికించింది. ఎట్లాగో చెబుతాను, విను.

మొన్న ఆదివారం వియ్యంకుడు అంజన్న హత్నూర నుంచి ఆటో కట్టించుకుని వచ్చాడు. బిడ్డను తీసుకుపోతానన్నాడు. పెళ్ళప్పుడు మధ్యలో ఆగిన నర్సు చదువు మళ్ళీ చదివిస్తాడట, సంగారెడ్డిలో హాస్టల్ చూశాడట, కాలేజీలో మళ్ళీ చేర్చుకుంటామన్నారట. "ఆమె ఉమ్మరు ఎంత వదినా? గిట్లనే గోడలు జూస్కుంట కూసోవాల్నా?" అన్నాడు. బ్యాగు కూడా తెచ్చాడు, కొత్తది, జిప్పుకు ఇంకా కాగితం ఉంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు పిట్ట దగ్గర అంకిత అన్న మాట నీకు రాయలేదు కదూ. అందరూ మాటలిచ్చి అలసిపోయాక ఆడవాళ్ళు దాన్ని ముందుకు నెట్టారు, నేనూ నెట్టాను. "నేను యాడికి పోను. ఈ ఇల్లు ఇడువ. అత్తమ్మను సచ్చేదాంక నేనే జూస్కుంట" అన్నది. అప్పుడే కదా కాకి దిగింది. వాడు కోరుకున్నది అదే. వాడు విని ఒప్పుకుని ముట్టిన మాటను అంజన్న బ్యాగులో పెట్టుకుపోతానంటే నేనెట్లా ఊరుకుంటాను?

అంజన్న మాత్రం, "కాకికి ఆకలైంది, తిన్నది" అన్నాడు. అప్పుడు తీశాను నీ ఉత్తరం. అంకితతోనే చదివించాను, ఎందుకంటే నా కంటికి పొర వచ్చింది, నీ చిన్న చిన్న గీతలు నాకు ఆనవు. రోజూ చపాతీ వేసిన సంగతి, వాడే వచ్చాడన్న సంగతి, అన్నీ గట్టిగా చదివింది. అంజన్న ముఖం పాలిపోయింది. ఎంతైనా అతనూ మనలాంటి మనిషే. కాగితం తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. బ్యాగు మాత్రం ఇక్కడే వదిలాడు, అందులో నేను పాత దుప్పట్లు పెట్టాను.

కాకి రోజూ వస్తోంది. మన ప్రహరీ మీద వాలి, ముక్కు గోడకు రాసుకుని, అంకిత పళ్ళెం పెట్టేదాకా కదలదు. మొన్న ఎక్కడి నుంచో నాలుగైదు నల్ల కాకులు వచ్చి దాని మీద పడ్డాయి. పొడిచి పొడిచి రెక్క ఈకలు పీకేశాయి. అంకిత చీపురు పట్టుకుని గేటు దాటి పరుగెత్తింది, కొంగు కూడా సర్దుకోలేదు. మొగుడి కోసం ఎట్లా ఉరుకుతారో అట్లా ఉరికింది. చూసి నా కడుపు నిండింది.

పక్క లేఅవుట్‌లో బోరు వేశారు, నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి, వాసన కూడా ఉంది. అయినా ప్లాట్లు అమ్ముడుపోతున్నాయి.

నీ అక్క,
వెంకటలక్ష్మి


జైలు
10 డిసెంబర్ 2023

అక్కకు,

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం ముట్టలేదు. నేను చేసిన పనికి నన్ను ఏం చేయాలో తెలియడం లేదు.

అంకితా, దీన్ని నువ్వే చదువుతున్నావు కదా బిడ్డా. ఒక్క ముక్క కూడా మింగకుండా గట్టిగా చదువు. మీ అత్తమ్మ వినాలి.

చపాతీ సంగతి అబద్ధం. శేఖర్ ఆ కాకికి ఎప్పుడూ ఏమీ వేయలేదు. వాడు డ్రయ్యర్ సెక్షన్‌లో పనిచేసేవాడు, డబ్బా అక్కడే తినేవాడు, క్యాంటీన్ వైపుకు వచ్చేదే తక్కువ. అక్క అన్నం మానేసిందేమోనని భయపడి ఆ మాట పుట్టించాను. ఆ మాటతో ఒక ఆడపిల్ల బతుకుకు తాళం పడుతుందని నాకెట్లా తెలుసు? అక్కా, అంకిత ఇచ్చిన మాట నువ్వు నాకు ముందే రాసి ఉంటే నా కలం అట్లా కదిలేదే కాదు.

నిజం ఇది. ఆ కాకి పేలుడు కంటే ఎంతో ముందు నుంచే ఉంది. మేమంతా దాన్ని ‘క్యూసీ సారు’ అని పిలిచేవాళ్ళం, సరుకు పరీక్ష చేసే ల్యాబ్ వాళ్ళలాగా తెల్లకోటు వేసుకున్నట్టుందని. ఒడిశా హెల్పర్లు తినగా మిగిలిన అన్నం విసిరేవాళ్ళు. మిగతా కాకులు దాన్ని దగ్గరికి రానిచ్చేవి కావు. అన్నీ తిని లేచాక, మిగిలింది ఏరుకుని తినేది. శేఖర్ బతికి ఉన్నప్పుడే బతికి ఉన్న పిట్టలోకి శేఖర్ ఎట్లా వస్తాడక్కా?

ఆ రోజు కాకులెందుకు రాలేదో కూడా విను. ఫ్యాక్టరీ మూశారు, క్యాంటీన్ మూశారు. కాకులన్నీ తిండి ఉన్న వైపుకు, హైవే అవతల చెత్త డంపుకు మళ్ళాయి. దీన్ని గుంపులో చేరనివ్వవు కాబట్టి ఇది ఇక్కడే మిగిలింది. పొద్దుటి నుంచీ అది గోడ మీదే ఉండి ఉంటుంది, మీరంతా విస్తరి చుట్టూ మూగారు కాబట్టి దిగలేదు. అంకిత మాట్లాడేటప్పుడు మీరంతా వెనక్కి జరిగారా లేదా? గుర్తు తెచ్చుకో. మనుషులు జరిగారు, కాకి దిగింది. అంతకంటే ఏమీ లేదు.

అంజన్నకు కబురు పెట్టు. అంకితను పంపు.

మొగులయ్య


ఇంద్రేశం
28 డిసెంబర్ 2023

మొగులయ్యకు,

జైల్లో కూర్చుని నాకు తీర్పులు చెప్పకు. ముందొకటి రాస్తావు, వెనకొకటి రాస్తావు. ఏది అబద్ధం, ఏది నిజం? నాకు తెలుసు, అంజన్న నిన్ను చూడటానికి ములాఖత్‌కు వచ్చి ఉంటాడు. వకీలును పెడతానని ఆశ చూపించి ఉంటాడు. నా తమ్ముడు చచ్చిన మేనల్లుడి మీద అబద్ధమాడాడంటే నేను నమ్మాలా? ఇప్పుడు రాసిందే నీ చేత ఎవరో రాయించారు.

వెనక్కి జరిగారా అని అడిగావు. ఎండకు కాళ్ళు నొప్పిపెట్టి మనుషులు అటూ ఇటూ జరగరా? దానికీ దీనికీ ముడిపెడతావేం?

సరే, ఆ కాకి ముందు నుంచీ ఉంది. ఉండనీ. ఖాళీగా తిరిగే పిట్ట కనుకనే వాడు దాన్ని ఎంచుకున్నాడు. అన్నీ వెళ్ళిపోతే ఇదొక్కటే ఎందుకు ఆగింది? గుంపులో పడనివ్వక అంటున్నావు. నా కొడుకు కోసం ఆగిందని నేనంటున్నాను. నువ్వు ఎన్ని రాసినా నాకు అటే అర్థమవుతుంది.

అంకిత నీ ఉత్తరాన్ని ఎక్కడా ఆగకుండా చదివింది. మడిచి అల్మారాలో పెట్టి, పళ్ళెంలో అన్నం కలుపుకుని వాకిట్లోకి పోయింది. నేనేమీ బలవంతం చేయలేదు. గేటుకు తాళం లేదు, హత్నూర బస్సు ఎక్కడ ఆగుతుందో దానికి తెలుసు. పోవాలనుకుంటే పోదా?

జొన్న చేల మీద గులాబీ రంగు గోరింకలు దిగాయి, గుంపులు గుంపులుగా. ఎప్పుడూ ఈ కాలంలోనే వస్తాయి. నీకు గుర్తుందా, నాన్న డబ్బా కొట్టి తోలమంటే నువ్వు మంచె మీద నిద్రపోయేవాడివి. ఇప్పుడు చేలు నాలుగే మిగిలాయి, తోలేవాళ్ళు కూడా లేరు.

నీకు స్వెట్టర్ పంపుతున్నాను. కోపం కోపమే, చలి చలే.

అక్క


జైలు
20 జనవరి 2024

అక్కకు,

అంజన్న రాలేదు. ఎవరూ రాలేదు. స్వెట్టర్ వచ్చింది, వేసుకున్నాను. నన్ను అబద్ధాలకోరును చేసినా సరే, ఇంకొక్కసారి విను.

నా బ్యారక్‌లో సునీల్‌కుమార్ అనే ఆయన ఉన్నాడు. కాలేజీలో జంతువుల పాఠాలు చెప్పేవాడు, కారు గుద్ది మనిషి చనిపోయిన కేసులో వచ్చాడు. ఆయనకు కాకి సంగతి చెప్పాను. నవ్వలేదు. కొన్ని పిట్టలకు పుట్టుకతోనే ఈకల్లో రంగు పడదట. కాకుల్లో, గోరింకల్లో, పిచ్చుకల్లో అక్కడక్కడా పుడతాయట. మహత్యమూ కాదు, మన ఫ్యాక్టరీ విషం వల్లనే అని చెప్పడానికీ లేదట. ఈకకు గట్టిదనం ఇచ్చేది ఆ నల్ల రంగేనట. తెల్ల ఈక తొందరగా అరిగి చివర్లు చిట్లిపోతుందట. పైగా తోటి కాకులు పొడుస్తాయి. ఎక్కువ కాలం బతకడం కష్టమన్నాడు. అక్కా, ఎండల్లోపే పోవచ్చు. అది పోయిన రోజు నీకు శేఖర్ రెండోసారి పోతాడు. ఆ రోజుకు ముందే అంకితను పంపెయ్యి, ఆ రెండో చావు ఆ పిల్ల మీద పడనివ్వకు.

ఇక్కడ నీళ్ళ ట్యాంకు దగ్గర ఒక చిన్న పిట్ట తిరుగుతుంది. వీపు బూడిద రంగు, పొట్ట పసుపు, నిలబడితే చాలు తోక పైకీ కిందికీ ఊపుతూనే ఉంటుంది. అది మంచు కొండల నుంచి వచ్చిందట. ఎండలు ముదిరితే వెళ్ళిపోయి, మళ్ళీ దసరా వెళ్ళగానే ఇదే ట్యాంకు దగ్గరికి వస్తుందట. పోయిన ఏడు వచ్చిన పిట్టే ఈ ఏడు కూడా వచ్చిందని వార్డరు చెప్పాడు. ఇంత పెద్ద గోడ దానికి అడ్డమే కాదు. దాన్ని చూస్తూ కూర్చుంటే పొద్దు పోతుంది. మన కాకులు అట్లా పోయేవి కావు, తిండి ఉన్నచోటే తిరుగుతాయి.

అంకితా, కాలేజీ గడువు ఎప్పటిదాకా ఉందో మీ నాయనను అడుగు బిడ్డా. నేను నీకు చేసిన అన్యాయాన్ని దిద్దుకోనివ్వు.

మొగులయ్య


ఇంద్రేశం
2 ఏప్రిల్ 2024

మొగులూ,

మూడు నెలలకు పైగా రాయలేదు. కోపంతో కాదు. రాయడానికి చెయ్యి రాలేదు.

ఫిబ్రవరి చివర్లో కాకి రావడం మానేసింది. అంకిత పొద్దున పెట్టిన పళ్ళెం సాయంత్రం దాకా చీమలు పట్టి ఉండేది. నేను వెతుక్కుంటూ పోయాను. లేఅవుట్ వెనక ఫ్యాక్టరీ నీళ్ళు పారే కాలువ ఉంది కదా, ఆ గట్టు మీద దొరికింది. ఒక కన్ను లేదు. తెల్ల ఈకలు నువ్వు రాసినట్టే చివర్లు చిట్లి పుల్లల్లా మిగిలాయి. ఎగరలేక నేలమీదే నడిచి నడిచి పోయినట్టుంది, కాళ్ళకు బురద.

చేతిలోకి తీసుకున్నాను. తమ్మీ, దానికి బరువే లేదు. నేను శేఖర్‌ను మోశాను, పుట్టినప్పుడు వాడెంత ఉన్నాడో నా చేతులకు తెలుసు. ఇది నా కొడుకు కాదు, ఉత్త పిట్ట. కాలువ గట్టు మీద కూలబడి అప్పుడు ఏడ్చాను. వాడు పోయినప్పటి ఏడుపంతా అప్పుడొచ్చింది. నా చీర చెంగు చింపి అందులో చుట్టి అక్కడే గుంత తీసి పూడ్చాను. నువ్వడిగినదానికి కూడా ఇప్పుడు జవాబు చెబుతున్నాను. ఆ రోజు మేమంతా వెనక్కి జరిగాం. అంకిత ఒక్కతే విస్తరి దగ్గర ఉంది. మమ్మల్ని జరగమన్నది నేనే.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అంకితతో ఒకటే మాట అన్నాను, "మీ నాయనకు ఫోన్ జెయ్ బిడ్డా, కాలేజీకి పో" అని. కాకి చచ్చిందని చెప్పలేదు. అక్కర్లేదనుకున్నాను. పొమ్మంటే సంతోషంగా పోతుందనుకున్నాను.

అంకిత నన్ను వింతగా చూసింది. "ఎట్ల పోత అత్తమ్మా? నా మాట మీదనే గద ఆయన వచ్చిండు" అన్నది. నేను నీ ఉత్తరాలు తీశాను. ఇదిగో చపాతీ అబద్ధమట, ఇదిగో పుట్టుకతోనే తెలుపట అని నేనే వాదించాను. నాతో నువ్వు వాదించినవన్నీ నేను దానితో వాదించాను. అన్నీ విన్నది. తర్వాత అల్మారా తీసి నీ జనవరి ఉత్తరం తెచ్చి, ఆ తోక ఊపే పిట్ట సంగతి దగ్గర వేలు పెట్టింది. "ఎండలకు పోతయి, దసరా ఎల్లంగనే అదే జాగకు మల్లొస్తయని మామనే రాసిండు సూడు. గిప్పుడు పోయిండు, మల్లొస్తడు. నేను లేకుంటే ఎవరి కోసం రావాలె?" అన్నది. దాని కింద నువ్వు రాసిన వాక్యం, మన కాకులు అట్లా పోవని రాసింది, నేను గుర్తుచేశాను. "గవి నల్లకాకులు అత్తమ్మా" అన్నది.

అంజన్నను పిలిపించాను. ఆటో దగ్గర దండం పెట్టి బతిమాలాడు, బిడ్డ ఎక్కలేదు. కొత్త బ్యాగులోంచి నా దుప్పట్లు తీసి ఇచ్చేశాను, ఖాళీ బ్యాగు పట్టుకుని నిలబడ్డాడు పాపం. వెళ్ళేటప్పుడు నా వైపు తిరిగి, "నా పోరిని ఏం జేసినవ్ వదినా" అన్నాడు. అతను తిట్టినా బాగుండేది. తిట్టలేదు. కాలేజీలో దాని సీటు ఇంకొకరికి ఇచ్చేశారట.

ఇప్పుడు నేను చెప్పాలి. కాలువ గట్టు దగ్గరికి తీసుకుపోయి, ఇదిగో ఇక్కడ పూడ్చానని చూపించాలి. రోజూ పొద్దున లేవగానే అదే అనుకుంటాను. కానీ అంకిత వాకిలి ఊడ్చి, గోడ మీద ఆ కాకి కూర్చునే చోటు తడిగుడ్డతో తుడుస్తుంది. అప్పుడు ముఖం ఎంత తేటగా ఉంటుందో నీకు రాయలేను. పెళ్ళైన కొత్తలో వాడు షిఫ్టు నుంచి వచ్చే వేళకు అట్లా ఉండేది. కాకి చచ్చిందని చెబితే ఈ పిల్ల ఏమవుతుంది? చెప్పకపోతే ఏమవుతుంది? ఎక్కడికీ పోనన్న మాట దాని నోటితో అనిపించింది నా నోరే, ఇప్పుడు నిజం చెప్పాలంటే అదే నోరు పడిపోతోంది.

బెయిలు వస్తే ఎక్కడా ఆగకుండా ఇంటికి రా. ఇంకో ఉత్తరం మాత్రం రాయకు. నువ్వేం రాసినా అందులోంచి తనకు కావాల్సిందే తీసుకుంటుంది, నేను తీసుకున్నట్టే.

నిన్న సాయంత్రం బియ్యం ఏరుతూ నన్ను అడిగింది, "అత్తమ్మా, దసరాకు ఇంకెన్ని నెలలు?" అని. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టి చెప్పాను.

నీ అక్క,
వెంకటలక్ష్మి